నీలం కాగితం

1 జూన్ 2024
కొండమీది ఆసుపత్రి, మలావి

అత్తకు,

సత్య రాస్తున్నాను. ఒళ్ళు బాగుంది, వేళకు తింటున్నాను, చిక్కిపోలేదు. ఈ మాట ముందు రాయకపోతే మిగతాది నువ్వు చదవవని నాకు తెలుసు.

ఇక్కడ ఫోను పనిచెయ్యదు. శనివారం మాత్రం ఆసుపత్రి బండి సరుకుల కోసం కింద బజారుకు దిగుతుంది, అక్కడ సిగ్నల్ ఉంది. అందుకని కాగితం మీద రాసి పెట్టుకుని, ఆ రోజు ఫోటో తీసి నీకు పంపుతాను. నువ్వూ అలాగే చెయ్యి. మన ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు కానీ, చదివింది తమిళ బడుల్లో కాబట్టి, తెలుగు చదవడం వచ్చింది మనిద్దరికే కదా. నాయన చేతిలో పడినా, బావ చేతిలో పడినా భయం లేదు. బెత్తం పట్టుకుని నువ్వు దిద్దించిన అక్షరాలు ఇన్నాళ్ళకు పనికొచ్చాయి.

మన ఒప్పందం మరిచిపోలేదు. ఒక్క ఏడాది ఇక్కడ జీతం లేకుండా నర్సు పని చేస్తాను. తిరిగొచ్చాక నీ కొడుకుతో పెళ్ళి సంగతి మాట్లాడుకుందాం. ఏడాది నిండకుండా ఏ కారణంతో వచ్చినా వచ్చిన నెలలోనే తాళి. ఈలోపు రవి బావకు వేరే పిల్ల ఎవరైనా నచ్చితే నాకు ఏ అభ్యంతరమూ లేదని మళ్ళీ ఒకసారి రాస్తున్నాను.

ఇక్కడి సంగతులు. మొక్కజొన్న పిండితో మన సంగటిలాంటిదే చేస్తారు, న్సీమా అంటారు. రోగి వెంట వచ్చిన చుట్టాలు ఆసుపత్రి వెనకాల రాళ్ళ పొయ్యి పెట్టుకుని వండుకుంటారు. జూన్ నెలలో ఇంత చలి ఏమిటో నాకు అర్థం కాలేదు, రెండు చొక్కాలు వేసుకుని తిరుగుతున్నాను. మా మేట్రన్ గట్టి మనిషి, నవ్వదు. నువ్వూ ఆమే ఒక గదిలో ఉంటే ఎవరు గెలుస్తారో చూడాలని ఉంది.

వార్డులో తడాలా అని ఆరేళ్ళ పిల్ల ఉంది. చలికి పొయ్యి దగ్గర కూర్చుని నిప్పుల్లో పడింది. ఎడమ కాలు మోకాలి కింద నుంచి పాదం దాకా కాలిపోయింది. ఆ కాలికి కట్టు మార్చే పని నాది. పిల్ల ఏడవదు, నా జడ పట్టుకుని లాగుతుంది. నొప్పి ఎంత ఉంటే అంత లాగుతుంది. కట్టు శుభ్రంగా ఉంటే కాలు దక్కుతుందని మేట్రన్ అంటోంది. ఆ కట్టుకే కరువు. వాడిన గుడ్డనే ఉతికి, ఆవిరి డ్రమ్ములో పెట్టి, మళ్ళీ వాడుతున్నాం. వీధి వీధికీ బ్యాండేజి నేసే చోట పుట్టి పెరిగి, నేను ఇక్కడ చిరుగుల గుడ్డ ఆరేసుకుంటున్నాను.

సత్రపట్టిలో మన నేత షెడ్డు నుంచి రెండు కట్టల గుడ్డ పంపవా? నన్ను ఇక్కడికి పంపిన సంస్థవాళ్ళ రెండో బ్యాచ్ పదో తేదీన చెన్నైలో బయల్దేరుతుంది. వాళ్ళకు ఇస్తే తెచ్చిపెడతారు. ఆ పిల్ల కాలు నా చేతుల్లో ఉంది, అత్తా.

సత్య


5 జూన్ 2024
రాజపాళయం

సత్యకు అత్త దీవెనలు.

చిక్కిపోలేదని రాశావు. మరి ఉత్తరం వెంట పంపిన నీ ఫోటోలో కనిపించిన ఆ మెడ ఎముకలు ఎవరివి?

జీతం లేకుండా పని చెయ్యడానికి విమానం ఎక్కాలా? మన షెడ్డుకు టౌన్‌బస్సులో వస్తే సరిపోయేది. ఇక్కడ కూడా నీకు నేను జీతం ఇచ్చేదాన్ని కాదు.

రవికి వేరే పిల్ల నచ్చదు. నచ్చనివ్వను. నిన్న అన్నం ముందు కూర్చుని, "ఆ పిల్ల ఆడనే వుండిపోతే ఏంజేసేది అమ్మా? అడిగినోళ్ళకంతా జవాబు చెప్పలేక అసింగంగా, సిగ్గుగా వుండాది" అన్నాడు. "సుమ్మా, నోరు మూసుకొని తినరా. నా చేతిలో పెరిగిన బిడ్డ ఎక్కడికి పోతాది?" అన్నాను. మీ అమ్మ పోయిననాడు నువ్వు ఇంకా పాకుతున్నావు. నిన్ను చంకనేసుకునే షెడ్డుకు పోయాను, చంకనేసుకునే లోడు ఎక్కించాను. అంత కష్టపడింది ఇంకొకరి ఇంటికి పంపడానికి కాదు. ఇది కోపంతో రాయడం లేదు, మామూలుగానే రాస్తున్నాను.

ఇక్కడ కాలం కాని కాలంలో వాన. గోడౌన్ మీద రేకు లేచిపోయి నీళ్ళన్నీ లోపలికి కొట్టాయి. రేకు మార్పిస్తానని మీ నాయన పొంగల్ నుంచీ చెబుతూనే ఉన్నాడు. "అక్కా, అది గాలి తప్పు గాని నా తప్పు కాదు గదా" అంటాడు. తమ్ముడు కాబట్టి ఊరుకున్నాను, పనివాడైతే ఆ రోజే పంపేసేదాన్ని.

రెండు కాదు, నాలుగు కట్టలు పంపుతాను. నా చేత్తోనే చుట్టి పంపుతాను. మీ నవ్వని మేట్రన్ చూసి నోరు తెరవాలి. అక్కడివాళ్ళకు ఏది పంపినా గొప్పే అనుకో. అయినా నీ పరువు కోసం.

తలకు నూనె పెట్టుకో. ఆ పిల్ల చేతికి జడ ఇచ్చి కూర్చోకు.

అఖిలాండం


15 జూన్ 2024
కొండమీది ఆసుపత్రి

బంగారు అత్తకు,

బుధవారం పెట్టె చేరింది. మూత తీయగానే మన షెడ్డు వాసన. బ్లీచింగు, జిగురు, పక్కనే మన పనిమనిషి పాండియమ్మాళ్ షెడ్డులో కూర్చుని నమిలే వక్కాకు. వార్డు మధ్యలో కూర్చుని కాసేపు ఏడ్చాను. వీళ్ళంతా నాకు ఏదో చావు కబురు వచ్చిందనుకున్నారు.

పైన నీలం కాగితం చూశాక నాకు ఇంక అడగాల్సింది ఏమీ లేకపోయింది. ఇక్కడివాళ్ళకు ఏ రంగైనా ఒకటే. ఆ రంగుకు అర్థం తెలిసింది నాకొక్కదానికే. బ్లీచింగు అయి ఊరికే చుట్టిన గుడ్డకు మట్టిరంగు కాగితం. మదురైకి పోయి, ఆవిరి పట్టి, క్రిములన్నీ చచ్చి, నేరుగా పుండు మీద వేసేలా తిరిగొచ్చిన గుడ్డకే నీలం. చిన్నప్పుడు ఒకసారి నీలం కాగితం చించి ఆడుకుంటే నా వేళ్ళ మీద కొట్టావు, "అది తాకగూడదే, పుండులో పొయ్యే గుడ్డ" అని. అంత ఖర్చు పెట్టి ఆవిరి పట్టించి నాలుగు కట్టలు పంపావు. నిన్ను ఇన్నాళ్ళూ పిసినారి అనుకున్నందుకు చెంపలేసుకుంటున్నాను.

ఇక్కడి పద్ధతి ప్రకారం ఏ గుడ్డయినా ముందు ఆవిరి డ్రమ్ములో పడాలి. ఆ డ్రమ్ము కింద బొగ్గులు రాజేసేది లామెక్ అనే వార్డు మనిషి. బొగ్గులకు కరువు, పైగా పొగకు అతని కళ్ళెప్పుడూ నీళ్ళు కారుతుంటాయి. "ఈ నీలం కట్టలకు డ్రమ్ము అక్కర్లేదు, ఆ పని మా ఇంట్లోనే అయిపోయింది" అన్నాను. సంతోషం పట్టలేక వార్డులో అందరి ముందూ చిందులు వేశాడు. మేట్రన్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన పని ఏముంది? నా ఇంటి సరుకు నాకు తెలియనిదా?

తడాలా కాలి మీద కొత్త చర్మం లేత గులాబీ రంగులో వస్తోంది. ఇంకో రెండు వారాల్లో పాదం నేల మీద పెట్టొచ్చని మేట్రన్ అంది. ఆ మాట అంటున్నప్పుడు కొంచెం నవ్వింది కూడా. ఇప్పుడు ఆ కాలికి మన గుడ్డే కడుతున్నాను. నాయనకు చెప్పు, బావకు కూడా చెప్పు. మీ అందరి మీదా ఈ వారం నాకు ఎంత ప్రేమ ఉందో రాయలేను.

నీ సత్య


19 జూన్ 2024
రాజపాళయం

సత్యకు,

ఎవడే ఆ లామెక్? నీ మాటకు చిందులు వేసేంత చనువు ఎప్పుడొచ్చింది? సేవ చెయ్యడానికి పోయినదానివి సేవ చేసి రా. ఇంకే సంగతైనా ఉంటే నాకు ముందు చెప్పు, రవికి నేను నిదానంగా చెప్పుకుంటాను.

నీ ఉత్తరం పూర్తిగా చదవలేదు. కళ్ళజోడు మీద మీ నాయన కూర్చున్నాడు, కొత్తది వచ్చేసరికి వారం పడుతుందట. మొదట నువ్వు ఏడ్చిన సంగతీ, చివర ప్రేమ సంగతీ చదివాను. మధ్యలో చీమల బారులా రాశావు, వాడెవడో చిందులు వేసిన సంగతి తప్ప నాకు ఆనలేదు. కాగితం నీకు నచ్చిందని మాత్రం తెలిసింది. ఆ నీలం కాగితం మూల పడి ఎలుకలు కొట్టేస్తున్నాయి, పారెయ్యబుద్ధి కాక నీ కట్టలకు చుట్టాను. చూపుకి బాగుంది కదా.

ఈ వారం మిల్లు వీధిలో రెండు పెళ్ళిళ్ళకు పోయి వచ్చాను. రెండు చోట్లా ఒకటే ప్రశ్న, "మీ సత్య ఎప్పుడు వస్తాది?" అని. నవ్వి నవ్వి దవడలు నొప్పి పుట్టాయి. ఆ రెండో పెళ్ళిలో సాంబారు నీళ్ళు. అంత ఆస్తి పెట్టుకుని పప్పు వెయ్యడానికి మనసు రాలేదు చూడు.

నీకు పసుపు, మిరపపొడి పంపాలని ఉంది. ఎవరైనా వచ్చేవాళ్ళు ఉంటే చెప్పు.

అత్త


22 జూన్ 2024
కింద బజారు

అత్తా,

నీ ఉత్తరం ఇప్పుడే, బజారులో నిలబడి చదివాను. ఫోను చేస్తున్నాను, నువ్వు తీయడం లేదు.

ఒక్క మాట చెప్పు. నాలుగు కట్టలూ మదురైకి పోయి వచ్చాయా, లేదా? ఆవిరి పట్టారా, లేదా?

మంగళవారం నుంచి తడాలాకు జ్వరం. కాలు వాచింది. నిన్న కట్టు విప్పితే వాసనకు వాళ్ళమ్మ ముఖం తిప్పుకుంది. మందు చాలడం లేదని మేట్రన్ అనుకుంటోంది. నేనూ అదే అనుకున్నాను. అందుకని రోజుకు ఒకసారి మార్చే కట్టు రెండుసార్లు మార్చాను, అదే గుడ్డతో.

బండి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటుంది. నీ జవాబు వచ్చేదాకా ఇక్కడే నిలబడతాను. ఒక్క ముక్క రాయి. దయచేసి తొందరగా రాయి.

సత్య


22 జూన్ 2024
సత్రపట్టి షెడ్డు

సత్యకు,

ఫోను మోగుతూనే ఉంది, చూశాను. గుడ్డ కొనేవాళ్ళు ఎదురుగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు ఏం మాట్లాడమంటావు? ఇక ఫోను చెయ్యకు. పాండియమ్మాళ్ కళ్ళజోడు అడిగి పెట్టుకుని, నీ పాత ఉత్తరం కూడా ఇప్పుడు మొత్తం చదివాను.

ఆవిరి పట్టలేదు. అది వానకు తడిసిన సరుకు. బూజు వాసన వస్తోందని కొనే పార్టీ తిప్పి పంపింది. మళ్ళీ బ్లీచింగు వేయించి, మచ్చ పడిన వైపు లోపలికి పెట్టి చుట్టాను. అందులో తప్పేముంది? ఏ ఆసుపత్రి అయినా ఆవిరి పట్టకుండా గుడ్డ వాడుతుందా? అక్కడ డ్రమ్ము ఉందని మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు. అది చదివే పంపాను. నర్సు చదువు చదివించింది రంగు కాగితం చూసి గంతులు వెయ్యడానికా?

ఇప్పుడు చెయ్యాల్సింది చెయ్యి. మిగిలిన గుడ్డ తీసి డ్రమ్ములో పెట్టించు. పిల్లను పెద్దాసుపత్రికి పంపించు. ఎవరితోనూ ఏమీ వాగకు. షెడ్డు మీద మన రెండు కుటుంబాలే కాదు, ఇంకా పదిళ్ళు బతుకుతున్నాయి.

జవాబు అడిగావు, ఇచ్చాను.

అత్త


29 జూన్ 2024
కొండమీది ఆసుపత్రి

అత్తా,

పోయిన శనివారం బజారు నుంచి రాగానే తడాలాను జిల్లా ఆసుపత్రికి పంపించాం. మంగళవారం కాలు తీసేశారు. మోకాలి పైన తీశారు. గుడ్డ మిగిలినదంతా నేనే పెరట్లో తగలబెట్టాను. బూజు పట్టిందని మేట్రన్‌కు చెప్పాను. ఎక్కడ బూజు పట్టిందో చెప్పలేదు.

బుధవారం మేట్రన్ అందరినీ నిలబెట్టి, ఆ గుడ్డ డ్రమ్ములో ఎందుకు పడలేదని అడిగింది. లామెక్ వెంటనే, "సిస్టర్ సత్య వద్దంది. వాళ్ళ ఇంట్లోనే అయిపోయిందని చెప్పింది" అన్నాడు. దాచాల్సిన మాట అని కూడా అతనికి తోచలేదు. మేట్రన్ నా వైపు తిరిగి, "చెప్పావా?" అని అడిగింది.

ఆ క్షణాన నా తలలోకి ఏం వచ్చిందో నీకు తెలియాలి. విమానం, రవి బావ, తాళి. తడాలా రాలేదు. "నాకు గుర్తు లేదు" అన్నాను.

లామెక్ నవ్వాడు. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని, ఇంకో మాట అంటానని చూశాడు. నేను అనలేదు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రి ఇచ్చిన యూనిఫాం చొక్కా విప్పించి అతన్ని ఇంటికి పంపేశారు. నువ్వు అనుమానపడ్డ లామెక్ ఇతనే. ముగ్గురు మనవలున్న ముసలాయన.

నేను అబద్ధం ఆడాను, అత్తా. వచ్చే వారం మేట్రన్‌కు అంతా చెప్పేస్తాను. నువ్వు కూడా గుడ్డ గురించి నిజం రాసి పంపు. ఇద్దరం చెబితే అతని పని అతనికి తిరిగి ఇస్తారు.

సత్య


3 జూలై 2024
రాజపాళయం

సత్యకు,

కొత్త కళ్ళజోడు వచ్చింది. నీ ఉత్తరం ప్రతి అక్షరమూ చదివాను.

చెప్పాలని ఉంటే చెప్పు. నిన్ను వెంటనే విమానం ఎక్కిస్తారు. పెళ్ళిళ్ళకు పనికిరాని ఆడి నెల పోయి ఆవణి వస్తే వరసగా ముహూర్తాలే, పందిలివాడితో ముందే మాట్లాడి ఉంచాను. చెప్పకూడదనుకుంటే ఊరుకో. ఏడాది అక్కడే ఉంటావు, షెడ్డు జోలికి ఎవరూ రారు. నాకు రెండూ సమ్మతమే. నీ ఇష్టం.

నేను మాత్రం ఏమీ రాసి ఇవ్వను. ఆ కట్టల మీద మన షెడ్డు ముద్ర ఉందేమో గుర్తు తెచ్చుకో. ఉండదు. ముద్ర వేసే చోట నేను ఉత్త కాగితం చుట్టాను. పాతికేళ్ళుగా ఈ వ్యాపారం చేస్తున్నాను, ఎక్కడ పేరు పెట్టాలో ఎక్కడ పెట్టకూడదో నాకు తెలుసు. తడిసిన గుడ్డ పంపింది నేను. డ్రమ్ములో వెయ్యవద్దన్నది నువ్వు.

ఆ ముసలాయన మీద నీకు అంత దిగులు ఎందుకో నాకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. మనవలు ఉన్నారంటే కొడుకులు కూడా ఉంటారు కదా, పెడతారులే. పిల్లకు ప్రాణం దక్కింది, అది చూడు. జిన్నింగ్ మిల్లులో చెయ్యి పోయిన రాక్కమ్మాళ్ ముగ్గురు పిల్లల్ని కనిపెంచలేదా? ఒంటిచేత్తో ముగ్గు కూడా వేస్తుంది.

మీ నాయనకు ఏమీ తెలియదు. "నా బిడ్డ ఆడ డాక్టరు మాదిరి వుండాది" అని వచ్చినవాళ్ళకంతా చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ.

నన్ను తిట్టుకుంటూనే అన్నం తిను. తినడం మానకు.

అత్త


13 జూలై 2024
కొండమీది ఆసుపత్రి

అత్తా,

చెప్పేశాను. సోమవారం మేట్రన్ గదికి పోయి, తలుపు వేసి, కాగితం రంగు దగ్గర నుంచి అంతా చెప్పాను. లామెక్‌ను వెనక్కి పిలవమనీ, నన్ను పంపెయ్యమనీ అడిగాను.

ఆమె రాస్తున్న కలం కింద పెట్టలేదు. "మాకు ఆ రోజే తెలుసు" అంది. "లామెక్ బద్ధకస్తుడే కానీ అబద్ధం ఆడడు. నిన్ను తప్పు పడితే మీ సంస్థకు రాయాలి. రాస్తే వాళ్ళు వచ్చే ఏడు నర్సును పంపరు, మందులు కూడా పంపరు. ఆ మందులు లేకపోతే ఈ వార్డులో ఎంతమంది పోతారో నేను లెక్క వేసుకున్నాను. అతని చోటికి వేరే మనిషి వచ్చేశాడు. నువ్వు వెళ్ళి నీ పని చూసుకో. ఈ మాట మళ్ళీ ఎక్కడా ఎత్తకు."

అంతే. నన్ను ఎవరూ పంపరు. నేను అడిగిన ఏడాది నాకు దొరికింది.

లామెక్ ఇంటికి పోయాను. నన్ను చూసి అతను లోపలికి పోయి, నేను ఉన్నంతసేపూ బయటకు రాలేదు. అతని భార్య స్టూలు వేసి, మంచినీళ్ళు ఇచ్చి, "ప్యాంటు కూడా తిరిగి ఇవ్వాలా?" అని అడిగింది. దాని కోసమే వచ్చాననుకుంది. లేదన్నాను. ఆ నీళ్ళు తాగి వచ్చేశాను.

తడాలా వార్డుకు తిరిగొచ్చింది. వాళ్ళమ్మ నా కోసం కోడిని తెచ్చింది. వాళ్ళకు ఉన్నది అదొక్కటే. పిల్లను పెద్దాసుపత్రికి పంపి ప్రాణం కాపాడింది నేనేనట. వద్దంటే అవమానం, తీసుకొమ్మంది మేట్రన్. తీసుకున్నాను, వండారు, తిన్నాను. కట్టు నేనే కట్టాలని ఆ తల్లి పట్టు పడుతోంది. వేరేవాళ్ళను ముట్టుకోనివ్వదు.

ఇప్పుడు నీతో పని. పట్నంలో కృత్రిమ కాళ్ళు చేసే చోటు ఒకటి ఉంది. అక్కడ అడిగించాను. డబ్బు కడితే చేస్తారు. కానీ పెరిగే పిల్లకు ఒక కాలు చాలదట, దాదాపు ఏటా కొత్తది కావాలి. ఆసుపత్రి దగ్గర డబ్బు లేదు. సంస్థను అడిగితే అది వాళ్ళ పని కాదన్నారు. నాయన చేతిలో ఏమీ ఉండదు, షెడ్డు పెట్టె తాళం నీ నడుముకే ఉంటుంది. నాకు జీతం లేదు. చెవి కమ్మలు అమ్మితే మొదటి కాలిలో సగానికైనా రావు.

ఆ పిల్ల కాలు నీ గుడ్డా నా నోరూ కలిసి తీశాయి. నా వంతుకు నా దగ్గర ఏమీ లేదు. నీ వంతు నువ్వు ఇవ్వు. నిన్ను బతిమాలడం లేదు, అడుగుతున్నాను.

సత్య


17 జూలై 2024
రాజపాళయం

నా సత్యకు,

అడిగావు, మంచిది. నా దగ్గర పెరిగిన బిడ్డ అలాగే అడగాలి. చదివి ముచ్చట పడ్డాను.

నీ కంటికి నేను రాక్షసిలా కనిపిస్తున్నానని తెలుసు. కనిపించనీ. మీ తాత పోయాక ఉన్న నాలుగు మగ్గాలూ అమ్మేద్దామని మీ నాయన ఏడుస్తుంటే, ఆ మగ్గాల మీద ఈ ఇంటిని నిలబెట్టింది నేను. మంచిదాన్నై ఉంటే నిలబెట్టలేకపోయేదాన్ని. షెడ్డుకు నా తర్వాత మనిషి కావాలి. రవికి లోడు ఎక్కించడం వచ్చు, దించడం వచ్చు. మనిషి ముఖం చూసి ఏం వదులుకోవాలో, ఏం పట్టుకోవాలో రాదు. నీకు వచ్చు. మేట్రన్ అడిగినప్పుడు గుర్తు లేదన్నావు చూడు, అక్కడే నాకు తెలిసింది.

కాలు కొంటాను. ఒక్కటి కాదు, ఆ పిల్ల ఎదిగినన్నాళ్ళూ ఏటా కొంటాను. ఎర్రదో, నల్లదో, ఏది అడిగితే అది. మేనకోడలు అడిగితే ఆలోచించేదాన్ని. కోడలు అడిగితే ఆలోచించను.

ఈ రోజు ఆడి పుట్టింది. ఆవణి మొదట్లో మంచి ముహూర్తం ఉంది. ఏడాది మాట నేను మీరడం లేదు. నువ్వు కావాలంటే ఏడాదంతా అక్కడే ఉండు. వచ్చే ఏడు జూన్‌లో వచ్చి, నాకు ఇష్టం లేదని నా ముఖం మీదే చెప్పు. నేను ఏమీ అనుకోను, మీ నాయనను కూడా అననివ్వను. అప్పుడు నేను నీకు మేనత్తను, అంతే. ఎవరి పిల్ల కాలికో నేను ఎందుకు డబ్బు కట్టాలి?

ఇది బేరం అని నన్ను తిట్టకు. నేను చేసేది వ్యాపారం, నాకు వచ్చిన భాష అదే.

ఆలోచించుకో. నాకు తొందర లేదు. పిల్ల మాత్రం పెరుగుతూ ఉంటుంది.

అత్త


27 జూలై 2024
కొండమీది ఆసుపత్రి

అత్తగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. గురువారం తడాలాను, వాళ్ళమ్మను పట్నం తీసుకెళ్ళాను. పుండు పూర్తిగా ఆరాక కాలు పెడతారట. ఇప్పుడు కొలతలు రాసుకున్నారు. తీసేసిన కాలికి కొలవడానికి ఎక్కువ ఏమీ లేదు కాబట్టి, ఉన్న కాలిని కొలిచారు. బూటు ఏ రంగు కావాలని అడిగితే పిల్ల పసుపు అంది. వాళ్ళమ్మ నా చేతులు కళ్ళకు అద్దుకుంది.

డబ్బు ఈ నెలాఖరులోగా కట్టాలి. ఎక్కడ కట్టాలో రెండో ఫోటోలో పంపుతున్నాను. మీరు కట్టిన రసీదు నాకు చేరాక విమానం ఎక్కుతాను. అంతకు ముందు ఎక్కను.

మేట్రన్‌కు పెళ్ళి అని చెప్పాను. మంచి మాట అంది. నా బదులు ఇంకో అమ్మాయిని పంపమని సంస్థకు అప్పుడే రాసేసింది.

ముహూర్తం మీరు చెప్పినదే ఖాయం చెయ్యండి. చీర మీ ఇష్టం. ఏటా ఈ నెలలో కొలత మారుతుంది, ఏటా ఈ నెలలోనే మిమ్మల్ని అడుగుతాను. ఆ సంగతి తాళి కట్టకముందే మీ అబ్బాయికి చెప్పి ఉంచండి.

మీ కోడలు
సత్యప్రియ